భుజానికీ ఒక పద్దు

వరికోతలు ముగిసి మళ్లు ఆరగానే చిట్టమూరు చుట్టుపక్కల టెన్నిస్ బంతి టోర్నమెంట్ల కాలం మొదలవుతుంది. కోట, వాకాడు, నాయుడుపేట వైపు నుంచి జట్లు మోటారు సైకిళ్ల మీద దిగుతాయి. ప్రతి జట్టులోనూ వేగంగా బంతి వేసే కుర్రాడు ఒకడుంటాడు. పొద్దున మ్యాచ్ వాడిదే, మధ్యాహ్నం మ్యాచ్ వాడిదే, పొద్దుగూకేవేళ ఫైనల్లో ఆఖరి ఓవరూ వాడిదే. బంతి చేతిలో లేనప్పుడు కూడా వాణ్ని బౌండరీ దగ్గరే నిలబెడతారు, విసురు బాగుంటుందని. రాత్రి ఇంటికొచ్చి అన్నం ముద్ద నోటిదాకా ఎత్తబోతే భుజం మొరాయిస్తుంది. అమ్మ ఏదో బామ్ రాసి, "పొద్దునకి తగ్గిపోద్దిలే నాయనా" అంటుంది. పొద్దునకి నిజంగానే కొంత తగ్గుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. తగ్గింది కదా అని వాడు మళ్లీ బంతి అందుకుంటాడు.

ఈ అధ్యాయం ఆ కుర్రాడి కోసం. వాలీబాల్ స్మాష్‌లు కొట్టేవాళ్లకూ, కాలేజీలో జావెలిన్ విసిరేవాళ్లకూ, పులికాట్ నీళ్లలో తెల్లారుజామున విసురు వల వేసే జాలరులకూ కూడా ఇది పనికొస్తుంది. నడుము తిప్పి, భుజం విసిరి, ఆ బరువంతా మోచేతి మీద దించే పని చేసే ప్రతి మనిషికీ కష్టం దాదాపు ఒకే దారిన వస్తుంది.

ఆ దారిని అందరికంటే ఎక్కువ శోధించింది బేస్‌బాల్ పిచర్లు, వాళ్ల డాక్టర్లు. పిచర్ మన బౌలర్‌లా పరుగెత్తుకురాడు. చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి, మోచెయ్యి వంచి విసురుతాడు. గంటకు 150 కిలోమీటర్ల వేగం పెద్ద లీగుల్లో మామూలు మాట. మనకు తెలియని ఆటే అయినా, వాళ్లు ఆపరేషన్ బల్లల మీద నేర్చుకున్న పాఠం మనకు ఊరికే దొరుకుతుంది.

దెబ్బ ఎప్పుడు తగులుతుంది

"మూడో ఓవర్లో పట్టేసింది" అంటారు. పట్టేసింది మూడో ఓవర్లో కావచ్చు. దెబ్బ మాత్రం అంతకు కొన్ని వారాల ముందే మొదలై ఉంటుంది.

మోచేతికి లోపలివైపు, చిటికెనవేలు ఉన్న పక్కన, పై ఎముకనూ కింది ఎముకనూ కలిపే చిన్న లిగమెంటు ఒకటి ఉంది. పిచర్ చేయి వెనక్కి వెళ్లి ముందుకు తిరిగే క్షణంలో భుజం సెకనుకు సుమారు 7,000 డిగ్రీల వేగంతో తిరుగుతుంది. మనిషి శరీరంలో ఇంతకన్నా వేగమైన కదలిక లేదంటారు. ఆ క్షణంలో మోచేతి మీద పడే లాగుడు, ఆ లిగమెంటు ఒంటరిగా తట్టుకోగల హద్దు దగ్గరికి వస్తుంది. మరి ప్రతి బంతికీ అది ఎందుకు తెగదు? ముంజేతి కండరాలు ఆ భారాన్ని పంచుకుంటాయి కాబట్టి. కండరం అలసిపోయిందా, దాని వాటా కూడా లిగమెంటు నెత్తినే పడుతుంది. లిగమెంటుకు రక్తప్రసారం తక్కువ. కండరం రెండు రోజుల్లో కోలుకుంటే దానికి వారాలు కావాలి. కాబట్టి "ఒళ్లు బాగానే ఉంది" అని మీకు అనిపించే రోజున లోపల అది ఇంకా కోలుకుని ఉండకపోవచ్చు.

ఫాస్ట్ బౌలర్‌కు ఇదే కథ వెన్నులో జరుగుతుంది. బంతి వదిలేముందు ముందుకాలు నేలను తన్నినప్పుడు ఒంటి బరువుకు అయిదారు రెట్ల తాకిడి పైకి వస్తుంది. అదే క్షణంలో నడుము వెనక్కి, పక్కకు వంగి ఉంటుంది. వెన్నుపూసల్లో, తరచు బంతి వేసే చేతికి ఎదుటివైపున, వెంట్రుకంత బీటలు పుడతాయి. విశ్రాంతి ఇస్తే ఎముక వాటిని తనే పూడ్చుకుంటుంది. ఇవ్వకపోతే బీటలు కలిసి ఎముక విరుగుతుంది. ఇరవై రెండేళ్ల లోపు కుర్రాళ్లకు ఇది ఎక్కువ, ఎందుకంటే వెన్నెముక అప్పటికింకా పూర్తిగా గట్టిపడదు.

కాబట్టి ఒక్క బంతి చేయిని పాడుచేయడం అరుదు. ఎవరూ రాసిపెట్టని బంతులన్నీ కలిసి పాడుచేస్తాయి.

ఒకే ఆపరేషన్, ముగ్గురు మనుషులు

టామీ జాన్ లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టు పిచర్. 1974 జూలైలో ఎడమ మోచేతి లిగమెంటు తెగింది. అప్పటిదాకా ఆ దెబ్బ తగిలితే ఆట ముగిసినట్టే. ఆ సెప్టెంబరులో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఎవరూ చేయని పని చేశాడు. కుడి ముంజేతిలోంచి ఒక స్నాయువు తీసి ఎడమ మోచేతిలో లిగమెంటుగా అమర్చాడు. ఆ స్నాయువును మీరు ఇప్పుడే చూడొచ్చు. బొటనవేలినీ చిటికెనవేలినీ కలిపి, మణికట్టును కొద్దిగా లోపలికి వంచండి. మణికట్టు నడుమ తాడులా ఉబికేది అదే. కొందరికి పుట్టుకతోనే ఉండదు, లేకపోయినా పట్టు తగ్గదు. తిరిగి ఆడే అవకాశం నూటికి ఒకటి అన్నాడు జోబ్. టామీ జాన్ 1975 సీజన్ మొత్తం వదులుకుని, 1976లో తిరిగి వచ్చాడు. ఆపరేషన్‌కు ముందు 124 విజయాలు, తర్వాత 164. 46 ఏళ్లు వచ్చేదాకా ఆడాడు. ఆ ఆపరేషన్‌కు నేటికీ ఆయన పేరే.

రెండో మనిషి రింకూ సింగ్, ఉత్తరప్రదేశ్ పల్లెటూరి జావెలిన్ కుర్రాడు. 2008లో మన దేశంలో జరిగిన 'మిలియన్ డాలర్ ఆర్మ్' పోటీలో గెలిచి, అంతకుముందు చూసెరగని బేస్‌బాల్‌కు పిచర్ అయ్యాడు. అదే ఏడాది తోటి పోటీదారు దినేశ్ పటేల్‌తో కలిసి పిట్స్‌బర్గ్ పైరేట్స్ సంస్థతో ఒప్పందం చేసుకున్నాడు. కింది స్థాయి లీగుల్లో ఏళ్ల తరబడి మెట్టు మెట్టు ఎక్కాడు. 2013లో మోచేతికి అదే ఆపరేషన్ జరిగింది. ఈసారి చేయి తిరిగి రాలేదు. 2018లో డబ్ల్యూడబ్ల్యూఈలో చేరి మల్లయోధుడయ్యాడు.

మూడో మనిషి కుమార్ రాకర్. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, కోచ్. తల్లి లలిత భారతీయ సంతతి. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం తరఫున 2019లో డ్యూక్ జట్టు మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకౌట్ చేసి (అంటే బంతి కొట్టనివ్వకుండానే అవుట్ చేసి) అమెరికా అంతటా పేరు తెచ్చుకున్నాడు. 2021లో, పెద్ద లీగు జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, న్యూయార్క్ మెట్స్ అతన్ని పదో ఎంపికగా తీసుకుంది. వైద్య పరీక్షల తర్వాత చేతి మీద అనుమానంతో ఒప్పందం చేసుకోలేదు. ఆ సెప్టెంబరులో భుజానికి చిన్న ఆపరేషన్ జరిగింది. మరుసటి ఏడు ఏ పెద్ద లీగు జట్టుకూ అనుబంధం కాని ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ జట్టుకు ఆడి తన చేయి పనిచేస్తుందని చూపించాడు. 2022లో టెక్సస్ రేంజర్స్ అతన్ని మూడో ఎంపికగా, అంటే ముందటికంటే పైకి, తీసుకుంది. 2023 మేలో టామీ జాన్ ఆపరేషన్. 2024 జూలైలో మళ్లీ బంతి పట్టాడు. 2024 సెప్టెంబరు 12న సియాటిల్‌లో పెద్ద లీగులో తొలి మ్యాచ్ ఆడి, నాలుగు ఇన్నింగ్స్‌లో ఏడుగురిని స్ట్రైకౌట్ చేశాడు. 2025లో భుజం మళ్లీ ఇబ్బంది పెట్టింది, కొన్ని వారాలు ఆగి తిరిగి వచ్చాడు.

ముగ్గురి నుంచీ నేను తీసుకునేది ఇది. ఆపరేషన్ హామీ పత్రం ఇవ్వదు. అదే కత్తి ఒకరికి ఇంకో పదమూడేళ్ల ఆట ఇచ్చింది, ఒకరికి ఆటే లేకుండా పోయింది. మన చేతిలో ఉన్న పని ఆపరేషన్‌కు ముందుది: భారాన్ని లెక్కపెట్టడం. తర్వాతది: తొందరపడకపోవడం. ఈ రెండూ చేసినా చేయి మాట వినకపోతే, రింకూలా మరో దారి వెతుక్కునే ధైర్యం ఉంచుకోవడం.

బంతుల పద్దు

అమెరికాలో కుర్ర పిచర్లకు ఈ ఆపరేషన్లు పెరిగిపోతుంటే 2014లో మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి 'పిచ్ స్మార్ట్' పేరుతో ఒక పట్టిక విడుదల చేశాయి. 11-12 ఏళ్లవాళ్లు రోజుకు 85 బంతులు దాటకూడదు. 13 నుంచి 16 ఏళ్ల వరకు 95. 17-18 ఏళ్లకు 105. అసలు సంగతి రెండో భాగంలో ఉంది. 17-18 ఏళ్ల కుర్రాడు ఒకరోజు 30 దాకా వేస్తే మర్నాడు వేయవచ్చు. 31-45 వేస్తే ఒక రోజు విశ్రాంతి, 46-60కి రెండు రోజులు, 61-80కి మూడు, 81 దాటితే నాలుగు. చిన్నపిల్లలు ఏడాదిలో నాలుగు నెలలు విసరడమే మానాలనీ, అందులో రెండు మూడు నెలలు ఏకబిగిన ఉండాలనీ కూడా చెప్పారు.

ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు కుర్ర ఫాస్ట్ బౌలర్లకు చాలాకాలం అమలుచేసిన హద్దు ఇలా ఉండేది: 13 ఏళ్లలోపు స్పెల్‌కు 5 ఓవర్లు, రోజుకు 10. 15 ఏళ్లలోపు 6, 12. 19 ఏళ్లలోపు 7, 18. పద్దెనిమిది ఓవర్లంటే 108 బంతులు. అమెరికావాళ్లు అదే వయసుకు పెట్టుకున్నది 105. రెండు వేర్వేరు ఆటలు, రెండు వేర్వేరు దేశాలు, దాదాపు ఒకే అంకె దగ్గర ఆగాయి. 

మన టోర్నమెంట్లో మ్యాచ్‌కు రెండు మూడు ఓవర్లేగా అనుకుంటాం. రోజుకు నాలుగు మ్యాచ్‌లు, ప్రతిదానికీ ముందు కాసేపు వేసిచూసే బంతులు, బౌండరీ నుంచి బలంగా విసిరే విసుర్లు కలపండి. వందకు చేరడం ఎంతసేపు? భుజానికి మ్యాచ్ బంతి, నెట్స్ బంతి అన్న తేడా తెలియదు.

పద్దు ఇలా రాయండి. నోటుపుస్తకంలో రోజుకు ఒక్క వరుస చాలు: "ఆదివారం. మ్యాచ్ 36, ముందు వేసినవి 20, విసుర్లు 15. మొత్తం 71. రాత్రి భుజం 2." ఆఖరి అంకె నొప్పికి మీరిచ్చే మార్కు. సున్నా అంటే ఏమీ లేదు, అయిదంటే చేయి ఎత్తలేకపోవడం. శనివారం రాత్రి వారం మొత్తం కూడండి. గత నాలుగు వారాల సగటు పక్కన పెట్టి చూడండి. సగటు 120 ఉంటే ఈ వారం 180 దాటనివ్వకండి. సగటుకు ఒకటిన్నర రెట్లు అన్నది మోటు కొలతే, కానీ కొలత లేకపోవడం కంటే ఎంతో నయం. పరీక్షలని రెండు నెలలు బంతి ముట్టకుండా, సెలవులు రాగానే టోర్నమెంట్లో దూకే కుర్రాళ్లకు దెబ్బలు తగిలేది ఈ కొలత దగ్గరే.

మరో జాగ్రత్త. మామూలు టెన్నిస్ బంతి 60 గ్రాముల లోపు ఉంటుంది. క్రికెట్ బంతి 156 నుంచి 163 గ్రాములు. ఊళ్లో టెన్నిస్ బంతితో పేరు తెచ్చుకుని జిల్లా ఎంపికల్లో తొలిసారి తోలుబంతి పట్టే కుర్రాడి భుజం ఒక్కరోజులో దాదాపు మూడు రెట్ల బరువు విసరాలి. ఎంపికలకు కనీసం ఆరు వారాల ముందు నుంచి తోలుబంతిని వారానికి కొన్నికొన్నిగా పెంచుకుంటూ వేయండి.

ఒకరి పద్దు మరొకరికి పనికిరాదని కూడా గుర్తుంచుకోండి. 2025లో భారత్ ఇంగ్లండ్‌లో అయిదు టెస్టులు ఆడింది. హైదరాబాదు మహ్మద్ సిరాజ్ అయిదూ ఆడి, 185.3 ఓవర్లు వేసి, 23 వికెట్లు తీశాడు. ఓవల్లో ఆఖరి రోజు భారత్ ఆరు పరుగుల తేడాతో గెలిచింది అతని చేతి మీదే. వెన్నుకు 2023లో ఆపరేషన్ అయిన జస్‌ప్రీత్ బుమ్రా మాత్రం మూడే ఆడాలని ముందే నిర్ణయమైంది, మూడే ఆడాడు. సిరాజ్‌ను చూసి మెచ్చుకుందాం. వెన్ను నొప్పి చరిత్ర ఉన్నవాడు మాత్రం బుమ్రాను చూసి నేర్చుకోవాలి.

ఏది బడలిక, ఏది దెబ్బ

కండరం మొత్తం బరువుగా, మొద్దుగా ఉండి, ఒళ్లు వేడెక్కగానే సడలితే అది బడలిక. ఆడొచ్చు. ఒళ్లు వేడెక్కినా మొదటి పదిహేను బంతుల్లో నొప్పి పోకపోతే ఆ రోజుకు ఆపేసి రెండు రోజులు బంతి ముట్టకండి. ఆట అయిన గంట తర్వాత కూడా, లేదా మర్నాడు కూడా నొప్పి ఉంటే ఒక రోజు ఆగండి.

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా డాక్టర్ దగ్గరికే వెళ్లాలి: మోచేతి లోపలివైపు వేలితో చూపించగలిగేలా ఒకచోట నొప్పి, చిటికెన, ఉంగరపు వేళ్లలో తిమ్మిరి, బంతి వదిలేటప్పుడు టక్కుమన్న చప్పుడు, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోవడం, నడుము వెనక్కి వంచినప్పుడు ఒకవైపే పొడిచినట్టు ఉండటం, కారణం తెలియకుండా వేగం, గురి రెండూ పడిపోవడం. చాలామంది ఆఖరిదాన్ని 'ఫామ్ పోయింది' అనుకుని ఇంకా ఎక్కువ సాధన చేస్తారు. ముందు భుజాన్ని చూపించుకోండి.

మన వైపు ఎముక అనగానే గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. విరిగిన చేతికి కట్టు కట్టడంలో ఆ ఊరికి ఉన్న పేరు తక్కువది కాదు. కానీ లిగమెంటు చిరుగూ, వెన్నుపూసలో సన్నటి బీటా చేత్తో తడిమితే తెలిసేవి కావు. చాలాసార్లు ఎక్స్‌రేలో కూడా కనపడవు, ఎమ్మారై కావాలి. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి ఎముకలు, కీళ్ల వైద్యానికే ఉంది, స్విమ్స్ ఉంది. నెల్లూరులో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఇంకో మాట. నొప్పి మాత్ర వేసుకుని ఫైనల్ ఆడకండి. మాత్ర నొప్పిని దాచిపెడుతుంది, చిరుగును కుట్టదు.

ఇంటి దగ్గర చేసుకోగల పని ఒకటుంది. పాత సైకిల్ ట్యూబు కోసి వేపచెట్టుకో కిటికీ ఊచకో నడుము ఎత్తున కట్టండి. చెట్టుకు పక్కగా నిలబడి, దూరంగా ఉన్న చేత్తో ట్యూబు కొస పట్టుకోండి. మోచెయ్యి తొంభై డిగ్రీలు వంచి, చంకలో మడిచిన తువ్వాలు పెట్టి, అది జారకుండా అరచేతిని నెమ్మదిగా బయటికి లాగండి, అంతకంటే నెమ్మదిగా వెనక్కి రానివ్వండి. పదిహేనేసి చొప్పున రెండు విడతలు, వారానికి మూడు రోజులు. బంతి వదిలాక చేతిని ఆపే బ్రేకు కండరాలు దీనితో బలపడతాయి. విసిరే కండరాలు ఆడుతూనే పెరుగుతాయి, వీటిని మాత్రం మనమే పెంచాలి. దీనికి తోడు ఒంటికాలి మీద కూర్చుని లేవడం, ప్లాంక్ చేయడం అలవాటు చేసుకోండి. కాళ్లు, నడుము పని ఎగ్గొడితే ఆ భారం కూడా భుజానికే చేరుతుంది.

ఆట లేని నెలలు

టామీ జాన్ ఆపరేషన్ అయితే పన్నెండు నుంచి పద్దెనిమిది నెలలు, వెన్ను బీటకు నెలల విశ్రాంతి. ఈ కాలంలో శరీరం కంటే మనసు ఎక్కువ నలుగుతుంది. "నా చోటు ఇంకొకడికి పోతుంది" అన్న భయమే కుర్రాళ్లను వారాల ముందే మైదానంలోకి తోస్తుంది.

డెన్నిస్ లిల్లీ కథ వినండి. 1973లో వెస్టిండీస్ పర్యటనలో వెన్నుపూసల్లో బీటలతో కుప్పకూలాడు. వారాల తరబడి ఒంటికి ప్లాస్టర్ కట్టుతో ఉండాల్సి వచ్చింది. అప్పట్లో ఫాస్ట్ బౌలర్‌కు అది ముగింపు. అతను ఫ్రాంక్ పైక్ అనే వ్యాయామ శాస్త్రజ్ఞుడి సలహాతో ఒళ్లు మళ్లీ మొదటి నుంచి కట్టుకుని, బంతి వేసే తీరు మార్చుకుని, 1974-75 యాషెస్‌లో 25 వికెట్లు తీశాడు. 1987లో అదే లిల్లీ మనకు దగ్గరి మహానగరం చెన్నైలో ఎంఆర్ఎఫ్ పేస్ ఫౌండేషన్‌లో మన కుర్రాళ్లకు ఫాస్ట్ బౌలింగ్ నేర్పడానికి వచ్చాడు.

తిరిగి విసరడం మొదలుపెట్టేది డాక్టరో ఫిజియోనో సరేనన్న తర్వాతే. మొదట పదిహేను మీటర్ల దూరం, సగం బలం, రోజు విడిచి రోజు. రెండుసార్లు నొప్పి లేకుండా పూర్తయితేనే తర్వాతి మెట్టు: ఇరవై, ముప్ఫై, నలభై మీటర్లు. నొప్పి వస్తే ఒక మెట్టు దిగండి, సిగ్గుపడకండి. పూర్తి వేగం అన్నిటికంటే చివర. ఆ నెలల్లో జట్టుకు దూరం కావద్దు. స్కోరు రాయండి, అంపైరింగ్ చేయండి, చిన్నపిల్లల బంతులు లెక్కపెట్టండి. ఆటను బయటినుంచి చూసినవాడికి బ్యాట్స్‌మన్ బలహీనతలు ఎక్కువ కనిపిస్తాయి.

కెప్టెన్లకు, ఇంటి పెద్దలకు

"ఒక్క ఓవరే కదా అబ్బయ్యా, నువ్వు తప్ప ఎవరున్నారు?" అని కెప్టెన్ అడిగితే, పదిహేడేళ్ల కుర్రాడు కాదనలేడు. నోటుపుస్తకం కాదనగలదు. "అన్నా, ఇయ్యాళ తొంభై అయిపోయినయ్, ఇంక ఏయను" అనడానికి వాడికి ఒక ఆధారం దొరుకుతుంది. ఆ మాట అన్నవాణ్ని పిరికివాడనే జట్టు వచ్చే ఏడాదికి బౌలర్ లేకుండా మిగులుతుంది. టోర్నమెంట్ నడిపేవాళ్లు చేయగలిగిందీ ఉంది. పద్దెనిమిదేళ్ల లోపు బౌలర్‌కు రోజుకు ఇన్ని ఓవర్లు మించకూడదని నియమం పెట్టి స్కోరర్‌కు అప్పజెప్పండి. మా తీరపు ఎండలో రెండు మ్యాచ్‌ల మధ్య నీడ, నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ ఉండేలా చూడండి.

ఈ వారం నుంచి

1. మీ వయసుకు రోజు హద్దు ఎంతో రాసి బ్యాగులో పెట్టుకోండి.
2. మ్యాచ్ బంతి, నెట్స్ బంతి, ఫీల్డింగ్ విసురు, మూడింటినీ ఒకే పద్దులో కూడండి.
3. వరుసగా రెండు రోజులకు మించి పూర్తి వేగంతో వేయకండి.
4. ఆటకు ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించండి. వారానికి మూడు రోజులు సైకిల్ ట్యూబు పని చేయండి.
5. ఏడాదిలో కనీసం రెండు మూడు నెలలు ఏకబిగిన బంతి విసరకండి. మన దగ్గర వానలు పడి మళ్లు నీళ్లతో నిండే నెలలు అందుకు తగిన కాలం.
6. నొప్పి మార్కు వరుసగా మూడు రోజులు 3 దాటితే ఆడటం ఆపి చూపించుకోండి.

ఇవాళే ఒక నోటుపుస్తకం కొనండి. రేపు వేసే మొదటి బంతి నుంచి లెక్క మొదలుపెట్టండి. నొప్పి వచ్చిన రోజే కెప్టెన్‌కూ, ఇంట్లోనూ చెప్పండి.